పాతబస్తీ ఆవములకు చరిత్ర కావలెను

నయాపూలు దాటి చార్మినారు వైపు సాగు రాజమార్గమున, మదీనా కూడలికి చేరువలో, దుకాణముల వరుసల వెనుక ఒదిగియున్న, మొహరమున పీర్లను నిలుపు బాద్షాహీ ఆషూర్ఖానాలో ప్రవేశించి, ఆసఫ్‌జాహీల కాలమున చేర్చిన కొయ్యస్తంభముల మండపమును గడచి, లోపలిశాల గోడల యెదుట నిలిచినవారు నాలుగు శతాబ్దములు గడచియు కాంతి తరుగని ఆ పింగాణి పలకల వర్ణవైభవమునకు ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యము వెంట రావలసిన ప్రశ్న మాత్రము మనలో పెక్కుమందికి రాకున్నది. ఈ పలకలను కాల్చిన ఆవము ఎచ్చట నుండెను? మట్టి పిసికినదెవరు, రంగు నూరినదెవరు, రాత్రియెల్ల మేల్కొని మంట కాచినదెవరు? గోలకొండ సుల్తానుల వంశవృక్షమును కంఠస్థము చేయు మనము, ఆ సుల్తానుల పేరు నిలిపిన గోడలను నిర్మించిన మంటిపనివారి చరిత్రను ఇంతవరకు ఒక చోట చేర్చి వ్రాసికొనలేదు. ఇది ఈ నగరము తీర్చవలసిన ఋణమని నా దృఢాభిప్రాయము.

చార్మినారు నిర్మాణము 1591 నాటిది. పిదప కొలది వత్సరములలోనే, 1592 మొదలు 1596 వరకు, మహమ్మదు కులీ కుతుబుషా ఈ ఆషూర్ఖానాను కట్టించెను. గోడలపై పలకల పని 1611లో, అనగా ఆ రాజు మరణించుటకు కొంచెము ముందు, పూర్తియైనది. తెలంగాణమున మనము పీర్లని పిలుచు ఆలముల ఆకృతులే ఆ గోడలలో ప్రధానమైన చిత్రములు. జ్వాలలు చుట్టుకొన్న అంచులు, నడుమ సుందరమైన అరబ్బీ లిపి, ఆ చుట్టును అల్లుకొన్న లతలు, వేరొక గోడమీద తేనెపట్టు గదులవలె కూర్చిన షట్కోణములు, క్రింది భాగమున కుంభములనుండి పైకెగయు పూలతీగెలు ఇచ్చట కన్పట్టును. ఆ కుంభములను చూచినప్పుడు తెలుగువానికి గృహద్వారమున నిలుపు పూర్ణకుంభము స్మరణకు రాక మానదు. ఆ పోలిక శిల్పి ఉద్దేశించినదో కాదో నిర్ణయింప నా తరము కాదు గాని, అది కంటికి తగులుట మాత్రము నిజము.

ఈ పనిలోని కష్టము తెలిసిననే దాని విలువ తెలియును. మంటిపలకపై గాజుపూత పూసి కాల్చునప్పుడు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క లోహము కారణమగును. నీలమునకు కోబాల్టు, ఆకుపచ్చకును ఆకాశవర్ణమునకును రాగి, ఊదాకు మాంగనీసు, పసుపునకు సీసముతో కలసిన తగరమో ఆంటిమొనియో కావలెను. ఇవి యన్నియు ఒకే వేడిమికి ఒకే రీతిని కరగవు. ఒకటి కరగి నిగ్గుదేరునప్పటికి మరియొకటి కారి చెడిపోవును. అందుచేత ఒక్కొక్క వర్ణపు పలకను దానికి తగిన వేడిమిలో వేరువేరుగా కాల్చి, చల్లారిన పిమ్మట ఉలితో ముక్కలుగా కొట్టి, అంచులు రాచి, చిత్రమునకు సరిపోవునట్లు ఒకదానిప్రక్క నొకటి కూర్చి, సున్నపుగారలో పొదుగవలెను. ఆలపు అంచున మెలితిరిగిన ఒక్క పసుపుజ్వాలను సమీపమునుండి పరీక్షించినచో, అరచేతిలో సగమైనను లేని ఆ ముక్కను వంపు చెడకుండ చెక్కుటకు ఎంత యోర్పు పట్టియుండునో గ్రహింపవచ్చును. ఒక్క దెబ్బ తప్పినను పలక చీలును. చీలినచో మరల మట్టి, మరల పూత, మరల మంట.

ఈ విద్య దక్కనునకు పారశీక దేశమునుండి వచ్చినది. బీదరులో మహమూదు గవాను 1472లో నిర్మించిన విద్యాలయపు గోడలపైని పలకల శేషములు ఇందుకు ప్రబలమైన సాక్ష్యము. కుతుబుషాహీల కొలువున పేష్వాగా నుండిన మీర్ మోమిన్ అస్తరాబాదీ స్వయముగా ఇరానువాడు. పాతబస్తీలోని ఆయన సమాధి స్థలమగు దాయిరా నేటికిని ప్రసిద్ధము. అయినను ఆషూర్ఖానా గోడలు పారశీకపు గోడలకు ప్రతిబింబములు కావు. అచ్చట నీలమునకు ప్రాధాన్యము. ఇచ్చట పసుపును ఆకుపచ్చయు నీలముతో సమానముగ వెలుగుచుండును. రూపకల్పన చేసిన ఆచార్యుడు ఏ దేశమునుండి వచ్చియుండినను, మట్టి త్రవ్వి తెచ్చినవారు, కట్టెలు కొట్టినవారు, ఇచ్చటి మట్టికి ఇచ్చటి మంట ఎంత కావలెనో ఎరిగినవారు ఈ నేలవారే యగుట సహజమని నేను తలచెదను. పరదేశపు మట్టికి నేర్చిన పాకము కొత్త మట్టికి వెంటనే లొంగదు. దానిని లొంగదీయుటకు స్థానికుని అనుభవము కావలెను. పారశీకములోని కాషాను నగరపు కుమ్మరి వంశీయుడగు అబుల్ కాసిము 1301లోనే తన విద్యను గ్రంథస్థము చేసి రంగులను, పూతలను, కొలిమిని వివరించినాడు. మనదేశపు పనివాని పాకము తండ్రి నోటినుండి కొడుకు చెవికి చేరి, కొడుకు లేనినాడు అంతరించినది.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి ఈ నగరమున ప్రళయము సృష్టించినప్పుడు ఆషూర్ఖానాలోనికిని నీరు వచ్చెను. క్రిందిభాగపు పలకలు దెబ్బతినెను. అటుపిమ్మట ఆ లోపమును పూరింప పూనుకొన్నవారు పలకలకు బదులుగా గారమీద రంగులతో ఆ చిత్రములనే వ్రాయించిరి. వారిని నిందింపరాదు, ఉన్న సౌందర్యమును ఏదో విధముగ నిలుపవలెనని వారు తపించిరి. కాని ఆ గోడ ఎదుట నిలిచి, పైనున్న పలకలనుండి క్రిందనున్న పూతవరకు దృష్టిని దింపినచో, 1611లో ఈ నగరము చేయగలిగిన పనిని మూడువందల యేండ్ల తరువాత ఈ నగరమే చేయజాలకపోయిన సంగతి కన్నులకు కట్టును. ఒక విద్య నశించుట యనగా నిదియే.

ఇచ్చటినుండి మూసీ దక్షిణ తీరము వెంట కొంతదూరము నడచినచో సాలార్‌జంగు ప్రదర్శనశాల వచ్చును. సాలార్‌జంగు వంశీయుల నివాసమగు దివాను దేవిడీలో పూర్వము చీనీఖానా యను మందిర ముండెను. పింగాణి పాత్రలే దాని గోడలకు అలంకారములు. 1949లో మూడవ సాలార్‌జంగు మీర్ యూసఫలీఖాను మరణించిన తరువాత, ఆయన సేకరించిన అపార వస్తుసముదాయమును ఆ దేవిడీలోనే ప్రదర్శనశాలగా రూపొందింపగా, 1951 డిసెంబరు 16న నెహ్రూ పండితుడు దానిని ప్రారంభించెను. 1968లో ఆ సంపద నదీతీరమందలి నేటి భవనమునకు చేరినది. దేవిడీ పోయినది, చీనీఖానా పోయినది. పూర్వపు ద్వారములు మాత్రము అంగళ్ల నడుమ నిలిచియున్నవి. ప్రదర్శనశాలలో చీనాదేశపు నీలిచిత్రముల పింగాణియు, విషము తగిలినచో రంగు మారునని లోకము నమ్మిన ఆకుపచ్చని గోరీ పళ్లెములును, ఐరోపా దేశముల పింగాణియు విశాలమగు గదులలో కొలువుదీరినవి. జర్మనీలోని మైసెన్ కర్మాగారమునకు 1710లో పునాది పడినది. ఖండించుకొను రెండు కత్తులు దాని ముద్ర. ఫ్రాన్సులోని సేవ్ర్ కర్మాగారము 1756లో ఆ గ్రామమునకు తరలినది. దాని ముద్ర పెనవేసిన రెండు అక్షరములు. ఇంగ్లండున వెడ్జ్‌వుడ్ 1759లో సొంతముగ పని ఆరంభించి, తన పేరునే పాత్రల అడుగున అచ్చొత్తెను. ఒక గిన్నెను బోర్లించినచో దాని పుట్టుకయు, ఊరును, యజమానియు తెలియును. సాలార్‌జంగు రసజ్ఞత గొప్పది. ఆయన సేకరింపకున్నచో మన పిల్లలు ఇట్టివి కన్నులార చూచియుండరు. కాని అంతటి పింగాణిని కన్నులకద్దుకొన్న ఈ పాతబస్తీలో, ఈ పాతబస్తీ మట్టిచేత తయారైన వస్తువునకు ఆ గౌరవము ఎప్పుడు లభించును?

పరదేశములలో మంటిపని చరిత్రను ఎట్లు కాపాడుకొనిరో చెప్పుటకు వేల్సు దేశమునుండి ఒక ఉదాహరణము తీసికొందును. కార్డిఫ్ నగరమునకు ఉత్తరమున, టాఫ్ నదీలోయలో, నాంట్‌గారు అను చిన్న గ్రామము కలదు. డర్బీ కర్మాగారమున గులాబీలు చిత్రించుటలో కీర్తిగన్న విలియం బిలింగ్స్‌లీ 1813లో తన అల్లుడగు శామ్యూల్ వాకరుతోను, ఇరువురు కుమార్తెలతోను ఆ గ్రామము చేరి, కాలువ ఒడ్డున పింగాణి కర్మాగారము పెట్టెను. ఆయన పాకము అద్భుతము. దీపమునకు అడ్డుపెట్టినచో కాంతి చొరబారు తెల్లని పింగాణి అది. అయితే ఆ పాకము వేడిమిలో హెచ్చుతగ్గులకు ఏమాత్రము ఓర్వదు. బట్టీలో పెట్టిన పాత్రలలో పదింట తొమ్మిదివరకు వంగియో పగిలియో పోవుచుండెను. ధనము చాలక ప్రభుత్వమును అర్థింపగా, పరిశీలనకు వచ్చిన స్వాన్సీ కేంబ్రియన్ కర్మాగారాధిపతియు వృక్షశాస్త్రజ్ఞుడునగు లూయిస్ వెస్టన్ డిల్విన్ వారిని 1814లో తన యొద్దకు పిలుచుకొనిపోయెను. అచ్చటను చిక్కు తీరలేదు. 1817లో బిలింగ్స్‌లీ ఇరువురు కుమార్తెలును మరణించిరి. ఆ యేడే ఆయన నాంట్‌గారునకు తిరిగివచ్చి మరల బట్టీ మండించెను. 1820లో అల్లునితో కూడ కోల్‌పోర్టు పింగాణి కర్మాగారమునకు వెడలిపోయెను. మిగిలిన తెల్లపాత్రలపై థామస్ పార్డో చిత్రములు వ్రాసెను. అంతటితో పింగాణి కథ ముగిసినది.

ఆ గ్రామపు కథ మాత్రము ముగియలేదు. థామస్ పార్డో కుమారుడగు విలియం హెన్రీ పార్డో 1833లో అదే స్థలమున ఎర్రమట్టి కూజాలును, రాతిమట్టి పాత్రలును, పొగత్రాగు మట్టిగొట్టములును చేయింప నారంభించెను. ఆ వంశమువారు 1920 వరకు ఆ బట్టీలను ఆరనీయలేదు. రాజగృహముల భోజనపు బల్లలను అలంకరించిన పింగాణి అచ్చట కొలది యేండ్లు మాత్రమే సాగినది. గనిపనివారి చేతులలోని మట్టిగొట్టము దాదాపు తొంబది యేండ్లు సాగినది. నేడు ఆ స్థలము ప్రదర్శనశాల. 1991లో దానిని తెరచినప్పుడు ఈ రెండు కథలను ఒకే కప్పు క్రింద పెట్టిరి. అంతకన్న ముఖ్యమగు విషయము మరియొకటి. బట్టీలో చెడిపోగా పారవైచిన పెంకులకుప్పలను అచ్చటివారు త్రవ్వి పరీక్షించి, వాటి సహాయమున బిలింగ్స్‌లీ పాకమును తిరిగి సాధించి, అట్టి పింగాణిని మరల కాల్చి చూపిరి. రెండువందల యేండ్ల క్రిందటి ఓటమి వారికి గ్రంథముగా ఉపకరించినది.

పెంకులు మన నేలయందు కొరవడినవా? నగరమునకు పడమర సంగారెడ్డి దాపున నున్న కొండాపురమున, నిజాము రాష్ట్ర పురావస్తుశాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యమున 1940 దశకపు ఆరంభమున త్రవ్వకములు జరుపగా, శాతవాహనుల నాటి తెల్లని మేలిమట్టి బొమ్మలు వెలువడెను. ఆ బొమ్మల కేశాలంకరణములోని సూక్ష్మత చూచినవారు అది మట్టియని నమ్మజాలరు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనము వేయించిన మోటుపల్లి రేవున చీనా పింగాణి పెంకులు దొరికినవి. అనగా రెండువేల యేండ్లనుండి ఈ దేశము మంచి మట్టిని ఎరుగును, శతాబ్దములనుండి పరదేశపు పింగాణిని ఎరుగును.

ఇక నేటి కుమ్మరిని గూర్చి. శాలివాహనులమని చెప్పుకొను ఆ కులమువారి వీధులు నగరమందు పేర్లుగా మిగిలినవి. సికింద్రాబాదు కుమ్మరిగూడ అందులకొక నిదర్శనము. వేసవి రాగానే పాతబస్తీ వీధి మూలలలో రంజన్లు, కూజాలు, గోలెములు బారులు తీరును. దీపావళికి ప్రమిదలు, చవితికి మట్టి గణపతులు, సంవత్సరమంతయు గురుగులు, మూకుళ్లు. రంజను చేయుట చూడదగిన పని. సారెమీద మెడను, భుజములను మాత్రమే లాగి, పాత్రను కొంచెము ఆరనిచ్చి, పిమ్మట కుమ్మరి దానిని ఒడిలో పెట్టుకొని, లోపల నునుపైన రాతిగుండు ఆనించి, వెలుపల కొయ్యపలకతో తట్టుచు, అడుగును, పొట్టను పలుచన చేయుచు గుండ్రముగ సాగదీయును. గోడ మందమైనచో నీరు చల్లబడదు. పలుచనైనచో ఆవములో పగులును. ఆ మధ్యస్థమును అతడు చప్పుడును బట్టియే గుర్తించును. మట్టిలో కలుపు ఇసుక పాలు ఎంతయో, ఆవముమీద పరచు గడ్డి, బూడిద ఎంత మందమో, పొగ ఏ రంగునకు తిరిగినప్పుడు మంటను ఆపవలెనో అతడు ఏ పుస్తకమునను చదువలేదు. ఇది విజ్ఞానము, దీనిని విజ్ఞానమని పిలుచుటకు మనము సంకోచించుచున్నాము.

అతని పాత్ర లేక తెలంగాణమున శుభకార్యము నడువదు. పెండ్లియింట ఐరేని కుండలను మేళతాళములతో కుమ్మరియింటినుండి తెచ్చుట మన ఆచారము. సున్నము, జాజు, పసుపులతో చిత్రించిన ఆ కుండల నడుమనే వధూవరుల పీటలు అమరును. ఆషాఢమున గోలకొండ జగదంబకు తొలి బోనమెత్తిననాటినుండి లాల్‌దర్వాజ సింహవాహిని గుడివరకు పండుగ సాగును. కొత్తకుండలో వండిన అన్నము, కుండకు పసుపు కుంకుమలు, చుట్టును వేపరెమ్మలు, పైన దీపము. కొన్నియేండ్లుగా పలువురు ఆడపడుచుల తలలపై మట్టికుండకు బదులు ఇత్తడి బిందె కానవచ్చుచున్నది. ఇత్తడి పగులదు, మరుసటి యేటికిని పనికివచ్చునని వారు చెప్పు మాట అర్థము కానిది కాదు. అయినను ప్రతి యేడును కొత్తకుండ కొనుట అను నియమమునే పెద్దలు పెట్టినందువలన కుమ్మరియింట ప్రతి యేడును పొయ్యి వెలిగినదని గుర్తింపవలెను. ఆ నియమము సడలినచో మొదట నష్టపోవువాడు అతడే.

మట్టి దొరకకుండుట అతనికి అన్నింటికన్న పెద్ద కష్టము. కుమ్మరికి కావలసిన ఒండ్రుమట్టి చెరువుల అడుగున నుండును. హైదరాబాదు చుట్టును కుతుబుషాహీలును ఆసఫ్‌జాహీలును త్రవ్వించిన చెరువులలో పెక్కు పూడి ఇండ్లస్థలములైనవి. మిగిలినవానిలో మురుగునీరు నిండినది. బండ్లమీద దూరమునుండి మట్టి తెచ్చుకొనవలసినప్పుడు పది రూపాయల ప్రమిదలో అతనికి మిగులునదేమి? నగరమున పొగబెట్టరాదను ఇరుగుపొరుగువారి అభ్యంతరముచేత ఆవము వేయుటకు ఖాళీస్థలము దొరకుట మరింత దుర్ఘటము.

రాజుగారి పలకలకును కుమ్మరి రంజనునకును సంబంధమేమి, ఒకటి కళ, మరొకటి కూలి కదా అని కొందరు విద్వాంసులు అనవచ్చును. నేను అంగీకరింపను. మట్టి యెంపిక, మంట అదుపు, పగులు భయము రెంటికిని సమానములు. ఆషూర్ఖానా గోడలోని పలకకు గాజుపూత క్రింద నున్నదియు కాల్చిన మట్టియే. నాంట్‌గారునందు పింగాణిని నిలబెట్టిన స్థలమే కూజాను నిలబెట్టినది. కూజాను నిలబెట్టినందుననే ఆ స్థలము పాడువడక, పింగాణి జ్ఞాపకమును మోసి మనవరకు చేర్చినది. సామాన్యుని పాత్రను గౌరవింపని సమాజము రాజు పలకను కూడ ఎక్కువకాలము కాపాడుకొనజాలదని 1908 తరువాతి రంగుపూతలు చెప్పకయే చెప్పుచున్నవి.

కుతుబుషాహీ సమాధుల యొద్ద ఆగాఖాను సంస్థ రాష్ట్ర పురావస్తుశాఖతో కలసి 2013 నుండి జరిపిన జీర్ణోద్ధారణము మనకు ధైర్యము నిచ్చుచున్నది. ఓర్పును నిపుణతయు ఉన్నచో శిథిలమైన గుమ్మటములకు పూర్వరూపము తేవచ్చునని అచ్చట రుజువైనది. అట్టి శ్రద్ధ పాతబస్తీ నడిబొడ్డునను కావలెను.

పాతబస్తీ మెట్రోమార్గమునకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది. మహాత్మాగాంధీ బస్ స్టేషనునుండి దారుల్షిఫా, సాలార్‌జంగు ప్రదర్శనశాల, చార్మినారు ప్రాంతముల మీదుగ ఫలక్‌నుమా దిక్కునకు సాగు ఆ మార్గమున స్తంభములకు గోతులు త్రవ్వవలసియుండును. నాలుగువందల యేండ్లుగ జనులు కాపురమున్న నేల అది. ప్రతి గోతిలోను పెంకులు పడుట తథ్యము. ఆ మట్టిని లారీలలో ఊరివెలుపల గుమ్మరించుటకు ముందు ఒక పురావస్తు నిపుణుడు దగ్గరనుండి చూచునట్లు ఏర్పాటు చేయుటకు అయ్యెడు వ్యయము ఆ మహానిర్మాణమున లెక్కలోనిది కాదు. గాజుపూత పట్టిన పెంకు, వంగి చెడిన పలక, మండి గాజైన ఇటుక, వీనిలో ఏ యొక్కటి దొరికినను కుతుబుషాహీ బట్టీల జాడ తెలియుటకు అవకాశము కలుగును. ఒకమారు గోతిలో కాంక్రీటు పడిన పిమ్మట మరల నూరేండ్లవరకు ఆ అవకాశము రాదు.

కాబట్టి రాష్ట్ర పురావస్తుశాఖవారికిని, మెట్రో అధికారులకును, సాలార్‌జంగు ప్రదర్శనశాల పాలకవర్గమునకును నా విన్నపము. త్రవ్వకములవద్ద నిపుణులను నియమింపుడు. దొరికిన పెంకులను చోటు, లోతు వ్రాసి భద్రపరచుడు. ఆషూర్ఖానా పలకల పూతను, మట్టిని గోడకు హాని కలుగని నేటి సాధనములతో పరీక్షింపజేసి ఫలితములను తెలుగునను ఉర్దూనను ప్రకటింపుడు. మైసెన్, సేవ్ర్ పాత్రలున్న ప్రదర్శనశాలలోనే ఒక గదిని తెలుగుదేశపు మట్టికి కేటాయించి, కొండాపురపు బొమ్మల నమూనాలు మొదలుకొని ఐరేని కుండవరకు అందు వరుసగ నిలిపి, చేసిన వారు జీవించియున్నంతవరకు వారి పేరు, ఊరు క్రింద వ్రాయుడు. పూడిక తీయు ప్రతి చెరువునను మొదటి బండి మట్టి కుమ్మరికి ఉచితముగ చేరునట్లు ఉత్తరువు చేయుడు. పాఠకులారా, మీరు ఈ ఆషాఢమున బోనమునకు మట్టికుండను, వచ్చు వేసవికి రంజనును కొనునప్పుడు, అమ్ముచున్న వానిని అది ఏ చెరువు మట్టియో, ఏ ఊరి ఆవమో అడిగి, చెప్పినది వ్రాసి పెట్టుకొనుడు.